రెండు అంకెల నడుమ గీత

అచ్చు పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను కలిసినప్పుడు ఒత్తుల గురించీ దీర్ఘాల గురించీ అడుగుతారు. ఏది తప్పు, ఏది ఒప్పు అని పట్టీ రాసుకుంటారు. రాసుకోవడం మంచిదే. కానీ నేను అచ్చాఫీసుల్లో ఉన్నన్నాళ్లూ ఒత్తు తప్పు పడినందువల్ల ఎవరికీ ఏమీ కాలేదు. 'పుస్తకం' 'పుస్కతం' అని పడితే చదివేవాడు నవ్వుకుని, తనే సరిచేసుకుని ముందుకు పోతాడు. అంకెల సంగతి అట్లా కాదు. తప్పు అంకె కూడా ఒప్పు అంకెలాగే కనిపిస్తుంది. అది తప్పని చదివేవాడికి తెలిసే దారి ఉండదు.

అంకెల్లో కూడా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది అంకె కాదు, రెండు అంకెల నడుమ ఉండే చిన్న గీత. సీసపు అక్షరాలుండే టైపు పెట్టెలో దానికి ఒక మూల చిన్న అర ఉండేది. మొదటి నాలుగైదేళ్లు నేను దాన్ని అక్షరంగానే లెక్కపెట్టలేదు. నా జీతం ఎప్పుడు పెరిగింది, నన్ను ఫోర్‌మన్ అని ఎప్పటి నుంచి పిలిచారు అన్నవి ఎవరికీ పనికిరావు. ఆ గీత నాకు నేర్పినవి పనికి రావచ్చు.

ఎటు నుంచి ఎటు

మాది వికారాబాద్ పక్క పల్లె. మా నాయన పటేల్ దగ్గర జీతం ఉండేవాడు. నేను మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివాను. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, నాకు ఇరవై నిండాక, వికారాబాద్ బజారులోని అచ్చాఫీసులో చేరాను.

అప్పటిదాకా అక్కడ అంతా ఉర్దూయే. ఖాదర్ సాబ్ అనే పెద్దాయన కాతిబు. అంటే, అచ్చు కోసం చేత్తో అందంగా రాసే మనిషి. ఆయన రాసిన కాగితాన్ని రాతిపలక మీదికి ఎక్కించి అచ్చు తీసేవాళ్లు. కచేరీల్లో భాష మారుతుండడంతో యజమాని బసప్ప సేట్ హైదరాబాద్ నుంచి పాత తెలుగు టైపు, ఇంగ్లీషు టైపు కొనుక్కొచ్చాడు. టైపు వచ్చింది గానీ అక్షరం పక్కన అక్షరం పెట్టి వరుసలు కూర్చేవాడు లేడు. అట్లా నాకు పని దొరికింది. బసప్ప సేట్ ఇంట్లో కన్నడం, బజారులో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేవాడు. మూడు భాషల్లోనూ తొందరే.

ఖాదర్ సాబ్ పని సగం పోయింది. వేరేవాళ్లయితే నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్లు. ఆయన తన పక్కన పీట వేయించి కూర్చోబెట్టుకున్నాడు. ఉర్దూలో వచ్చిన నోటీసును ఆయన చదివి అర్థం చెప్తే నేను తెలుగులో రాసుకుని కూర్చేవాణ్ణి. అంకెల దగ్గరికి వచ్చేసరికి ఆయన్ను అడిగేవాణ్ణి కాదు. ఉర్దూ అంకెలు నాకు వచ్చు.

గొర్రెలకు సూదులు వేస్తారని పశువుల డాక్టరు ఒక నోటీసు పంపాడు. వేళ పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి ఏడు కుడిపక్కన ఉంటుంది, పదకొండు ఎడమపక్కన ఉంటుంది, నడుమ గీత. నేను కంటికి కనిపించినట్టే ఎడమ నుంచి 11-7 గంటలు అని కూర్చాను. టైపు అంతా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది కాబట్టి అక్షరం తప్పితే కన్ను పడుతుంది. గీత ఒక్కటే తిరగేసినా బోర్లించినా ఒకేలా ఉంటుంది. అది నన్ను హెచ్చరించలేదు.

సూదుల రోజున పదకొండు దాకా ఒక్క మంద కూడా రాలేదట. డాక్టరు సామాను సర్దుకుంటుంటే దుమ్ము లేపుకుంటూ మందలన్నీ ఒకేసారి వచ్చాయి. నోటీసులో పదకొండు నుంచి రాత్రి ఏడు దాకా అని ఉంది కదా అని గొర్రెలవాళ్లు నిలదీశారు. ఆయన మంచివాడు కాబట్టి పొద్దుగూకే దాకా నిలబడి సూదులు వేశాడు. మర్నాడు నోటీసు పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. బజారులో మా మీద నాలుగు రోజులు నవ్వుకున్నారు.

ఖాదర్ సాబ్ నన్ను కోప్పడలేదు. నోటీసు ముందు పెట్టి, "దేవదానం, గీ గీత సడక్ అసుంటిది," అన్నాడు. "ఎటు నుంచి ఎటు పోవాల్నో సడక్ చెప్తదా?"

"చెప్పదు సాబ్."

"మరి నువ్వు చెప్పాలె. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా అని రాస్తే ఎవరన్న ఎనకకు నడుస్తరా?"

వ్యవధి చెప్పేటప్పుడు 'నుంచి', 'దాకా' అని రాసే చోటు ఉంటే గీత పెట్టవద్దని నేను అప్పుడు నేర్చుకున్నాను. చోటు లేదన్న మాట చాలాసార్లు నిజం కాదు. కూర్చేవాడి బద్ధకానికి అది ఇంకో పేరు.

బండల పట్టీ

కొన్నేళ్లకు తాండూరులో బండల వ్యాపారం పెరిగింది. బసప్ప సేట్ అక్కడ స్టేషన్ దగ్గర ఒక చిన్న కాలితొక్కుడు మెషిన్ పెట్టి నన్ను పంపాడు. గనుల వాళ్ల బిల్లు పుస్తకాలు, పప్పు మిల్లుల సంచి చీటీలు, పెళ్లి పత్రికలు. పని తెగేది కాదు.

కొడంగల్ దిక్కు ఒక బడి కడుతున్న కాంట్రాక్టరు తనకు కావలసిన బండల పట్టీ అచ్చు వేయించుకున్నాడు. నాలుగైదు గనులకు పంచడానికి. అందులో ఒక వరుస, వరండాకు ముప్పైఆరంగుళాల బండలు. ఆయన దాన్ని కలిపే రాశాడు. నేను కూర్చేటప్పుడు వరుస పొట్టిగా వచ్చింది. వరుస నిండకపోతే టైపు వదులై రాలిపోతుంది, అందుకని మాటల నడుమ ఖాళీలు పెంచుతాం. ముప్పై తర్వాత ఒక ఖాళీ పెట్టాను. 'ముప్పై ఆరంగుళాల బండలు' అయింది. చూడటానికి బాగుంది కూడా.

ఒక గనిలో మేస్త్రీ ఆ పట్టీని బండ కొట్టేవాళ్లకు చదివి వినిపించాడు. హనుమంతు అనే అతను, అతని తమ్ముడు మూడు రోజులు కూర్చుని, మంచి వెడల్పు బండలను ఉలితో గీతలు కొట్టి, ఆరంగుళాల వెడల్పున చీల్చారు. ముప్పై ముక్కలు. వరండా అంచుకు కాబోలు అనుకున్నారు. కాంట్రాక్టరు చూసి తనకు మూడడుగుల బండలు కావాలన్నాడు, అవి తీసుకోనన్నాడు. మేస్త్రీ పట్టీ తెచ్చి నా ముందు పరిచాడు. నేను అతని వెంట గనికి పోయాను.

హనుమంతు ఆ ముక్కలన్నిటినీ ఒక పక్కన నీటుగా పేర్చి పెట్టాడు. నన్ను ఒక బండ మీద కూర్చోమన్నాడు.

"గీ కాయిదం నువ్వే అచ్చేసినవా అయ్యా?"

"నేనే."

"జర చదువు."

చదివాను. ముప్పై ఆరంగుళాల బండలు.

"మల్ల చదువు."

మళ్లీ చదివాను.

"ఇప్పుడు చెప్పు. ముప్పై బండలా, ముప్పైయారు అంగుళాలా?"

రెండు విధాలా అర్థమవుతుందన్నాను.

"నాకు చదువు రాదు. చెవుల వడ్డట్టే కొట్టిన," అన్నాడు. "కాయిదం నువ్వు మల్ల అచ్చేసుకుంటవు. గీ బండ మల్ల అతకది గద."

అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది. మూడు రోజుల కష్టం అతనిదీ, అతని తమ్ముడిదీ. ఒక్క ఖాళీతో పోగొట్టింది నేను. బసప్ప సేట్‌తో గట్టిగా మాట్లాడి, మా తాండూరు ప్రెస్సు ముందు మురుగు కాలువకు అంచు కట్టడానికి ఆ ముక్కలు తీసుకునేటట్టు ఒప్పించాను. సేట్ దానికి నెల రోజులు గొణిగాడు. ఆయన చెడ్డవాడు కాడు. కాగితం మెషిన్ దిగిపోతే పని అయిపోయిందని ఆయన నమ్మకం. దాన్ని ఎవరో చదువుతారు, చదివి ఏదో చేస్తారు అన్నది ఆయన మనసులోకి ఎప్పుడూ వచ్చేది కాదు.

ఆ రోజుల్లో జోసెఫ్ సార్ అని ఒక ఇంగ్లీషు మాస్టారు తాండూరులో ఉండేవాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన్ను అడిగాను, ఇంగ్లీషువాళ్లకు ఈ తంటా లేదా అని. ఉందన్నాడు. థర్టీ, సిక్స్, ఇంచ్, స్లాబ్స్ అని నాలుగు మాటలు విడివిడిగా రాస్తే వాళ్లకూ ఇదే గందరగోళం. అందుకని కొలత వస్తువు పేరుకు ముందు వచ్చినప్పుడు అంకెనూ కొలతనూ గీతతో కట్టేస్తారు. సిక్స్-ఇంచ్ అని కడితే ఆరంగుళాల ముక్కలు ముప్పై. థర్టీ-సిక్స్-ఇంచ్ అని మూడూ కడితే ముప్పైయారంగుళాల బండలు. అదే కొలత వస్తువు తర్వాత వస్తే, అంటే బండ ఆరు అంగుళాలు ఉంది అని చెప్తే, గీత అక్కర్లేదు.

"మన తెలుగులో గీత పని 'ల' చేస్తుంది," అన్నాడు ఆయన. "అంగుళాలు అంటే విడిగా ఉంటుంది. అంగుళాల అంటే బండకు అతుక్కుంటుంది. కానీ దాని ముందు రెండు అంకెలు నిలబడితే, ఏది ఎవరిదో 'ల'కు తెలియదు."

తెలుగు వ్యాకరణం గురించి నేను విన్నవాటిలో పనికొచ్చిన మాట అదే. ఆనాటి నుంచి ఎన్ని అన్నదీ ఎంత అన్నదీ పక్కపక్కన పెట్టలేదు. 'ఆరంగుళాల బండలు, ముప్పై' అని కూర్చేవాణ్ణి. కాంట్రాక్టర్లు ఇదేం భాష అనేవాళ్లు. అననిచ్చాను. ఇంకొకటి కూడా అలవాటు చేసుకున్నాను. ప్రూఫు ఎవరికైనా పైకి చదివి వినిపించడం. గీత కంటికి కనిపిస్తుంది గానీ చెవికి వినపడదు. అప్పట్లో మా పట్టీలను చూసేవాళ్ల కన్నా వినేవాళ్లే ఎక్కువ.

ఈ రెండు పాఠాలతో గీత సంగతి నాకు పూర్తిగా తెలిసిపోయిందనుకున్నాను. నా పనిలో ఎక్కువ నష్టం జరిగింది అట్లా అనుకున్న తర్వాతే.

ఇరవై మూడు చుక్కలు

అరవైల మొదట్లో నన్ను మళ్లీ వికారాబాద్‌కు పిలిపించారు. ఖాదర్ సాబ్ అప్పటికి లేడు. ప్రూఫులు నేనే చూసేవాణ్ణి.

ఊళ్లో శంకరయ్య అనే వైద్యుడు ఉండేవాడు. పసిపిల్లల కడుపునొప్పికి ఒక మందు కాచి చిన్న సీసాల్లో అమ్మేవాడు. అందులో కొంచెం నల్లమందు ఉండేది. ఆ రోజుల్లో అది వింత కాదు. సీసా బిరడాకు ఒక గాడి ఉండేది, వంచితే చుక్కచుక్కగా పడేది. ఆ సీసాకు అంటించే లేబుల్ మా దగ్గర అచ్చయింది. రెండు వేళ్ల వెడల్పు కాగితం. 'పసిపిల్లల కడుపునొప్పికి 2-3 చుక్కలు పాలలో' అని ఆయన రాసిచ్చాడు. అట్లాగే కూర్చాను. ప్రూఫులో గీత ఉంది. నేను చూశాను, ఆయన చూశాడు, ఇద్దరం సంతకం పెట్టాం.

ఇక్కడి నుంచి జరిగింది దాచకుండా రాస్తాను. మా టైపు పాతది. బిల్లులకూ పట్టీలకూ వాడివాడి గీతలు అరిగిపోయాయి. అరిగిన ముక్క మిగిలిన అక్షరాల కన్నా వెంట్రుకవాసి పొట్టిగా ఉంటుంది, కాగితానికి సరిగా అందదు. మెషిన్ నడుస్తుండగా ఒక లేబుల్ తీసి చూశాను. గీత మసకగా పడింది. సిరా తక్కువైందనుకున్నాను. మెషిన్ ఆపి ఆ ముక్క మార్చడానికి కొంచెం సేపు పడుతుంది. పక్కన పెళ్లి పత్రికలు కాచుకుని ఉన్నాయి. సిరా కాస్త ఎక్కించి పోనిచ్చాను.

నెల రోజుల తర్వాత వైద్యుడు ఒక సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"గిది చదువు దేవదానం."

లేబుల్ శుభ్రంగా ఉంది. పసిపిల్లల కడుపునొప్పికి 23 చుక్కలు పాలలో.

"నేను గట్ల రాసిచ్చిన్నా?"

"లేదు సార్."

ఆయన కుర్చీలో కూర్చుని చెప్పాడు. కుల్కచర్లలో ఒక గొర్రెల కాపరి ఇంట్లో ఎనిమిది నెలల ఆడపిల్లకు తల్లి లెక్కపెట్టి ఇరవై మూడు చుక్కలు తాగించింది. పిల్ల నిద్రపోయింది. పాలకు లేవలేదు, కదిపినా ఏడవలేదు, ఊపిరి ఆగి ఆగి వచ్చింది. బస్సు మీద వికారాబాద్ దవాఖానాకు తెచ్చారు. రెండు రోజులు అక్కడ పెట్టుకున్నారు. మూడో రోజు కళ్లు తెరిచి పాలు తాగింది.

"బతికింది," అన్నాడు ఆయన. "నా అదృష్టం. నీది కూడ."

వైద్యుడి దగ్గర మిగిలిన లేబుళ్లు తెప్పించి ఇద్దరం బల్ల మీద పోసి వేరుచేశాం. కొన్నింట్లో గీత ఉంది, కొన్నింట్లో మసక, కొన్నింట్లో అసలే లేదు. ఆయన ఊరూరూ తిరిగి సీసాలు వెనక్కి తీసుకున్నాడు. బసప్ప సేట్ వచ్చి రెండు ప్రశ్నలు అడిగాడు.

"లేబుల్ మీద మన ప్రెస్సు పేరు ఉందా?"

"లేదు సేట్."

"పిల్ల మంచిగున్నదా?"

"ఉన్నది."

"మరి ఊకో. నువ్వు ఎక్కడికి పోకు, ఎవ్వరికి చెప్పకు."

నేను ఊరుకుందును కూడా. కానీ వైద్యుడు పోతూ పోతూ ఇంకొక మాట అన్నాడు. ఆ తల్లి అయిదో తరగతి చదివిందట. ఆ వాడకట్టులో చదవడం వచ్చిన ఆడమనిషి ఆమె ఒక్కతే. చదువు రానివాళ్లు అదే మందు కొని, ఎన్ని చుక్కలు పోయాలని నోటితో అడిగి తెలుసుకున్నారు, వాళ్ల పిల్లలు బాగున్నారు. చదువొచ్చిన తల్లి ఒక్కతే ఎవరినీ అడగలేదు. ఇప్పుడు అత్త పెద్ద మనవరాల్ని బడి మాన్పించిందట.

కుల్కచర్లలో

ఆదివారం చర్చికి పోకుండా కుల్కచర్ల బస్సెక్కాను.

ఇల్లు అడిగి పట్టుకున్నాను. అత్త బాలమ్మ గడప దగ్గర ఉన్ని వడుకుతోంది. కోడలు యాదమ్మ చంటిపిల్లను ఒడిలో పెట్టుకుని లోపల కూర్చుంది. ఏడెనిమిదేళ్ల పెద్దపిల్ల తల్లి వెనక నిలబడింది. మగవాళ్లు మందల వెంట పోయారు.

"ఎవరయ్యా నువ్వు?" అంది బాలమ్మ.

"వికారాబాద్ నుంచి వచ్చినమ్మా. మందు సీస మీది కాయిదం అచ్చేసింది నేనే. తప్పు నాది. మీ కోడలు సక్కగనే చదివింది. నేను తప్పు అచ్చేసిన."

ఆమె కదురు ఆపలేదు. "నువ్వు చదువుకున్నోనివేనా?"

"చదువుకున్న."

"మరి చదువుకున్నోడే తప్పు అచ్చేస్తే, చదువుకున్నదే తప్పు తాపిచ్చె. చదువురానోళ్ల పిల్లలు మంచిగున్నరు. ఇగ మా ఇంట్ల చదువెందుకు?"

ఆమె అన్నదాంట్లో జరగనిది ఏదీ లేదు.

యాదమ్మ నన్ను లోపలికి పిలిచి చాప వేసింది. ఆమెకు ఇరవై నాలుగైదు ఉంటాయి. తండ్రి రైల్వేలో గ్యాంగు పని చేసేవాడట, అందుకే బడికి పోగలిగింది.

"ఇరవై అని ఉంటే అంతో ఇంతో అన్నరనుకుందును సారు," అంది. "ఇరవై మూడని ఉండె. గంత సరిగ్గ రాసిండ్రంటే లెక్కగట్టి రాసిండ్రనుకున్న. నడుమ ఒకసారి లెక్క తప్పితే పారబోసి, మల్ల మొదటికెల్లి పోసిన."

పిల్ల ఆమె వేలు పట్టుకుని చప్పరిస్తోంది. నేను ఆ పిల్లను చూడలేక చూరు వైపు చూశాను. అక్కడ ఒక పలక దోపి ఉంది. తీసుకోవచ్చా అని అడిగి, బలపంతో 2-3 అని రాసి చూపించాను.

"గిట్ల ఉండాలె చెల్లె. నడుమ గీత పడలేదు."

ఆమె పలక చేతిలోకి తీసుకుంది. "గీత పడినా నాకేం తెలుస్తుండె సారు? బడిల దీన్ని తీసివేత అన్నరు. రెండులకెల్లి మూడు తియ్యాల్నంటే ఎట్ల?"

పద్నాలుగు, పదిహేనేళ్లుగా ఆ గీత కూర్చుతున్నాను. ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అని మాస్టార్లను అడిగి నేర్చుకున్నాను. చదవడం కొత్తగా వచ్చినవాళ్లకు అది ఏమని కనిపిస్తుందో ఒక్కరినీ అడగలేదు. నా తప్పు అరిగిన టైపు ఒక్కటే అనుకుని వచ్చాను. టైపు కొత్తదై ఉన్నా ఆ లేబుల్ తప్పే.

"మరి ఎట్ల రాయాలె?" అని అడిగాను.

"నోటితోని ఎట్ల చెప్తరో గట్లనే. రెండు చుక్కలు పొయ్యాలె. తగ్గకుంటే మూడు. మూడు దాటొద్దు."

బాలమ్మ గడప దగ్గర నుంచే అంది, "ఇగ సాలు. నువ్వు కాయిదాలు చదువుడు బందువెట్టు. పోయి నోటితో అడుగు."

"అడుగుత అత్తా," అంది యాదమ్మ. ఆమె గొంతు పెంచలేదు. "అడుగుత, చదువుత కూడ. చదువుడు మాత్రం బందువెట్ట."

తర్వాత నా వైపు తిరిగి, "మీరు సక్కగ రాయుండ్రి," అంది.

మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాను. క్షమించానని ఆమె అనలేదు. నేనూ ఆ మాట అడగలేదు.

కొత్త లేబుల్

మర్నాడు లేబుల్‌ను అంకె అన్నది లేకుండా కూర్చాను. 'పసిపిల్లల కడుపునొప్పికి రెండు చుక్కలు పాలలో పొయ్యాలి. తగ్గకపోతే మూడు. మూడు దాటవద్దు.' పాత కాగితంలో అది పట్టలేదు. బసప్ప సేట్ గీత పెట్టి కుదించమన్నాడు. కుదరదన్నాను. ఆయన దగ్గర చేరిన తర్వాత ఆ మాట అనడం అదే మొదటిసారి. సేట్ నా ముఖం చూసి, వైద్యుడు ఒప్పుకుంటే తనకేమని వెళ్లిపోయాడు. వైద్యుడు పెద్ద లేబుల్‌కు ఒప్పుకున్నాడు.

సంతకానికి ముందు ఒక ప్రూఫు తీసి, కుల్కచర్ల బస్సు కండక్టరు చేతికిచ్చాను. యాదమ్మకు చూపించి, అర్థమయిందా కాలేదా కనుక్కుని రమ్మన్నాను. అతను సాయంత్రం ఎప్పుడూ వచ్చే వేళకు రాలేదు. బస్సు ఆలస్యంగా వచ్చింది. ప్రయాణికులు అతన్ని తిట్టుకుంటూ దిగుతున్నారు.

"ఏమైంది?" అని అడిగాను.

"గామె చదివి, పెద్దపిల్ల మల్ల బడికి పోతున్నది, వచ్చినంక అది రాస్తది, జర ఆగు అన్నది. బస్సు ఆపుకొని కూసున్న."

ప్రూఫు నా చేతికిచ్చాడు. మేము కూర్చిన వరుసల కింద, పలక మీద రాసినంత పెద్ద అక్షరాలతో పెన్సిలు రాత ఉంది.

'ఎన్ని నెలల పిల్లకు?'

ఆ ప్రశ్న వైద్యుడికి తోచలేదు, నాకు తోచలేదు. ప్రూఫు తీసుకుని ఆయన దగ్గరికి పోయాను. ఆయన దాన్ని దీపం దగ్గర పెట్టి చదివాడు. ఆరు నెలలు నిండని పిల్లలకు ఇవ్వకూడదని చెప్పాడు.

లేబుల్ మళ్లీ కూర్చాను.